రాత్రిపూట హాస్టల్లో ఎవరుంటారు?

(ఎస్.ఆర్. శంకరన్ స్మరణలో చింతూరులో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



శంకరన్ గారిని తలుచుకునే చోట మాటలు సాధారణంగా వెట్టిచాకిరీ నిర్మూలన దగ్గర మొదలవుతాయి. లేదంటే 2005లో ఆయన పద్మభూషణ్ వద్దన్న సంగతి దగ్గర. ఈ ప్రాంతంవాళ్లు గుర్తేడు గుర్తుచేస్తారు. 1987 డిసెంబరులో ఈ కొండల అవతలే నక్సలైట్లు కొందరు ఐఏఎస్ అధికారులను పట్టుకెళ్లారు. వాళ్లలో ఆయనా ఒకరు. ఆ తర్వాత పదేళ్లకు, హింస తగ్గాలని రెండు పక్షాలతోనూ మాట్లాడిన పౌర స్పందన వేదికను నడిపిందీ ఆయనే.

నేను మాత్రం ఆయన్ని హాస్టళ్ల మనిషిగా తలుచుకుంటాను. 1980ల్లో వచ్చిన సాంఘిక సంక్షేమ గురుకులాల వెనక ఆయన ఆలోచన ఉంది. తిండి, పక్క, దీపం, పుస్తకం ఒక్కచోట దొరికితేనే పేద పిల్లల చదువు నిలుస్తుందని నమ్మిన మనిషి. ఆ నమ్మకం ఫలించింది. ఈ హాల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో హాస్టల్ మెతుకు తిన్నవాళ్లు చాలామందే ఉంటారు. ఇవాళ హాస్టల్ గురించి నేను కాస్త కటువుగా మాట్లాడబోతున్నాను. ఆ మెతుకును తక్కువ చేస్తున్నానని మాత్రం అనుకోవద్దు.

నాకిచ్చిన విషయం కౌమార వయసు పిల్లల మానసిక ఆరోగ్యం. జబ్బు వచ్చాక చేసే వైద్యం సంగతి పక్కనబెట్టి, రాకుండా ఏం చేయాలో చెప్పమన్నారు. "స్థానిక సంస్కృతికి తగినట్టు" అని ఆహ్వానంలో ఒక మాట చేర్చారు. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. అవగాహన సదస్సు ఫ్లెక్సీ మీద కొమ్ము నృత్యం బొమ్మ వేస్తే అది సంస్కృతికి తగినట్టు అయిపోయిందని మన శాఖలు నమ్ముతాయి. ప్రారంభోత్సవానికి పిల్లల చేత రేలా ఆడించి, వాళ్లను ఎండలో నిలబెట్టి, ఆపైన ఒత్తిడిని జయించడం ఎలా అని తెలుగులో గంటసేపు ఉపన్యాసం ఇస్తాం. కొమ్ములు పెట్టుకున్న పిల్లవాడికి ఆ ఉపన్యాసంలో సగం అర్థం కాదు. బొమ్మలో సంస్కృతి ఉంది, పనిలో లేదు. పిల్లవాడు ఏ భాషలో ఏడవగలడు, ఎవరి దగ్గర ఏడవగలడు, ఏ రోజున ఇంటికి వెళ్లగలడు అనే మూడింటికీ జవాబు చెప్పలేని కార్యక్రమం ఎంత రంగులద్దినా బయటిదే.

ముందు కొన్ని అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఏడుగురికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. మన దేశంలో 2015–16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం అని తేల్చింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. సరిహద్దు దాటితే వచ్చే ఛత్తీస్‌గఢ్ ఆ జాబితాలో ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. అందుకే చింతూరు ఏజెన్సీ పిల్లల గురించి ఎవరైనా శాతాలతో మాట్లాడితే, ఎక్కడివని అడగండి. శాతాలు చేతిలో లేకపోయినా చూడాల్సింది చాలా ఉంది.

పిల్లల దారి చూద్దాం. కొండవారన ఉన్న ఊరి పిల్ల ఐదారేళ్లకో, ఎనిమిదేళ్లకో ఆశ్రమ పాఠశాలకు వస్తుంది. ఇంట్లో కోయ మాట, బళ్లో తెలుగు. ఇప్పుడు పుస్తకం ఇంగ్లీషు మీడియం. ఊళ్లో పెద్దమ్మ, చిన్నమ్మ, మేనత్త, బావ అని పిలవడానికి ఇరవై మంది ఉంటారు. హాస్టల్లో వార్డెన్ ఒక్కరు, వందల్లో పిల్లలు. ఇంటి దగ్గర ఏడేళ్ల పిల్ల తమ్ముణ్ని చంకనేసుకుని తిరుగుతుంది, ఇప్పపువ్వు ఏరుతుంది, ఆమె ఏరిన గంప ఇంటి లెక్కలోకి వస్తుంది. హాస్టల్లో ఆమె ఒక రోల్ నంబరు. పన్నెండు పదమూడేళ్లకు, ఒళ్లూ మనసూ రెండూ మారుతున్న వేళ, ఆమెకు రోజూ కనిపించే పెద్దవాళ్లలో ఆమె భాష తెలిసినవాళ్లు కొన్ని చోట్ల వంటమనిషి, కాపలా మనిషి మాత్రమే. పిల్లల మనసులో మాట ఎక్కువగా తెలిసేది కూడా వాళ్లకే. ఏ శాఖ శిక్షణలోనూ వాళ్లకు కుర్చీ వేయరు.

ఆ పిల్ల "నాకు దిగులుగా ఉంది సార్" అని వచ్చి చెప్పదు. తలనొప్పి అంటుంది, కడుపునొప్పి అంటుంది, గుండె దడ అంటుంది. అన్నం సగంలో వదిలేస్తుంది. స్టడీ అవర్లో పుస్తకం తెరిచి అదే పేజీ చూస్తూ కూర్చుంటుంది. మలేరియా పరీక్ష చేస్తారు, లేదని వస్తుంది. ఒక మాత్ర ఇచ్చి పంపుతారు. నేను అలాంటప్పుడు కూడా ముందు ఒంటినే చూడమంటాను. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ ఉన్న నేల ఇది. సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది. అంతకు ముందు ఎముకల నొప్పితో మంచం దిగలేని పిల్లవాణ్ని సోమరి అన్న టీచర్లు ఎంతమందో. ఒళ్లు చూశాకే మనసు. కానీ ఒంట్లో ఏమీ లేదని తేలిన తర్వాత "ఏమీ లేదు, పో" అనడంతో వైద్యం ముగుస్తోంది. అడగాల్సింది అక్కడ మొదలవ్వాలి: ఇంటి నుంచి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, రాత్రి నిద్ర పడుతోందా, పక్క మంచం పిల్ల ఎందుకు మానేసింది.

హాస్టళ్లలో ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు సొమ్మసిల్లి పడిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పిల్ల పడుతుంది, గంటలో పదిమంది. సాయంత్రానికి "హాస్టల్లో దెయ్యం" అని వార్త. ఒక పక్క నుంచి పూజలూ మంత్రాలూ చేసే వడ్డెను పిలుస్తారు, ఇంకో పక్క అంబులెన్స్ వస్తుంది, మూడో పక్క నుంచి "నాటకాలు" అని తిట్లు. ఈ మూడో దానంత హాని ఏదీ లేదు. ఆ పిల్లలు నటించడం లేదు. భయం నోటితో బయటికి రావడానికి చోటు లేనప్పుడు ఒంటితో వస్తుంది. అందరినీ ఒకే గదిలో పడుకోబెట్టకూడదు, గుంపును, కెమెరాలను దూరం పెట్టాలి, తల్లిదండ్రులను పిలిపించాలి. వడ్డె వచ్చి నీళ్లు చల్లి ధైర్యం చెప్తే చెప్పనివ్వండి. కానీ ఆ నెలలో హాస్టల్లో ఏం జరిగిందో మాత్రం తప్పకుండా కనుక్కోవాలి. చావు జరిగిందా, ఎవరైనా పిల్లల మీద చెయ్యి వేశారా, పరీక్షల ముందు దెబ్బలు పడ్డాయా. దెయ్యం కథ పట్టుకుంటే అందరికీ సుఖం, ఎందుకంటే అప్పుడు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సంస్కృతి దగ్గరికి వస్తాను. పిల్లవాణ్ని పట్టి నిలబెట్టేవి ఏమిటన్న ప్రశ్న మీద నాకు తెలిసిన గట్టి పని కెనడాలో జరిగింది. బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 200 ఆదివాసీ సమూహాలున్నాయి. అక్కడి ఆదివాసీ యువతలో ఆత్మహత్యలు చాలా ఎక్కువని ప్రభుత్వం ఒకే సగటు చెప్పేది. మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ సగటును విడగొట్టి ఊరూరి లెక్క తీశారు. 1998లో అచ్చయిన ఆ పనిలో తేలింది ఏమిటంటే, సగానికి పైగా సమూహాల్లో ఐదేళ్లలో యువతలో ఒక్క ఆత్మహత్యా లేదు. బాధంతా కొద్ది సమూహాల్లో పోగుపడింది. తేడా ఎక్కడుందని చూస్తే, భూమి హక్కు కోసం పోరాడుతున్నాయా, సొంత పాలన ఉందా, బడి, ఆసుపత్రి, పోలీసు–అగ్నిమాపక సేవలు తమ చేతుల్లో ఉన్నాయా, వేడుకలకు సొంత ఇల్లు ఉందా అని ఆరు గుర్తులు పెట్టుకున్నారు. ఆరూ ఉన్న చోట ఆ ఐదేళ్లలో యువత ఆత్మహత్యలు సున్నా. ఒక్కటీ లేని చోట అన్నిటికంటే ఎక్కువ. తర్వాత 2007లో ఇదే బృందం భాషను కూడా లెక్కలోకి తీసుకుంది. సగానికి పైగా జనం సొంత భాషలో మాట్లాడగల సమూహాల్లో పరిస్థితి బాగా మెరుగ్గా కనిపించింది.

ఇది రుజువు కంటే సూచన అని నేనూ ఒప్పుకుంటాను. కెనడా వేరు, కోయ నేల వేరు. అయినా ఆ ఆరు గుర్తుల్లో కౌన్సెలర్ అనే మాట లేదు, చూశారా. నిర్ణయం తీసుకునే పెద్దలను పిల్లలు తమ ఊళ్లోనే చూస్తున్నారా అన్నదే ఆ ఆరింటి సారం. నా తాత చెప్పిన మాట చెల్లుతోంది, నేను పెద్దయితే నా మాటా చెల్లుతుంది అని పదిహేనేళ్ల పిల్లవాడికి అనిపించాలి. రేపటి మీద ఆశ అంటే అదే.

మన దగ్గర ఆ అనుభవం పండుగల్లో దొరుకుతుంది. వేసవి చివర భూమి పండుగ, మీ మాటలో విజ్జి పండుం. విత్తనాలకు పూజ జరుగుతుంది. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లు రోడ్డు మీద తాడు అడ్డం కట్టి లారీలనూ బస్సులనూ ఆపుతారు. పెద్ద ఆఫీసరు జీపయినా సరే, ఇవ్వాల్సింది ఇచ్చి కదలాలి. వేట నుంచి ఉత్త చేతులతో వచ్చిన మగవాళ్లకు ఆడవాళ్ల చేతిలో పేడనీళ్లు తప్పవు. పద్నాలుగేళ్ల పిల్ల ఆ తాడు ఒక కొస పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమెకొచ్చే ధైర్యాన్ని ఏ జీవన నైపుణ్యాల తరగతీ ఇవ్వలేదు. కొండరెడ్లకు మామిడి కొత్త ఉంది, చిక్కుడు కొత్త ఉంది. కొత్త పెట్టకుండా కొత్త పంట నోట పెట్టరు. హాస్టల్లో పిల్లలకు ఆ కొత్త పెట్టకముందే చిక్కుడుకాయ కూర వడ్డిస్తారు. ఇంటికెళ్లి తప్పు చేశానని భయపడే పిల్లలున్నారు. మెనూ రాసిన వాళ్లకు ఆ సంగతే తెలియదు. చిన్న విషయం అంటారు. నాకు చిన్నదిగా అనిపించదు.

హాస్టల్ క్యాలెండరులో దసరా ఉంది, సంక్రాంతి ఉంది. పండుం లేదు. పిల్లవాడు పండుగకు చెప్పకుండా ఇంటికి పోతాడు. తిరిగొస్తే తిట్లు, పేరు కొట్టేస్తామని బెదిరింపు. ఆ సిగ్గుకు కొంతమంది ఇక తిరిగి రారు. బడి మానేశాడని మనం రాసుకుంటాం. మానేసిన పిల్లవాడు కొన్నాళ్లకు మిరప తోటల్లో తేలతాడు. పండుం రోజుల్లో ఆ ఊళ్ల పిల్లలకు సెలవు ఇచ్చి, బదులు ఇంకో రోజు బడి నడిపితే ఖజానాకు పైసా ఖర్చు లేదు.

భాష సంగతికి పాత ఉదాహరణ ఒకటుంది. 1940లో కుమ్రం భీము తిరుగుబాటు తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించుకుంది. మన పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేసిన మనిషి ఆయనే. ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో 1943లో గోండు యువకులకే టీచరు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఒక రాజ్యం కాల్పుల తర్వాత నేర్చుకున్న పాఠం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మళ్లీ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు, కోయ కూడా అందులో ఉంది. ఆ పని ఉత్సాహంగా మొదలై, ఆఫీసరు మారినప్పుడల్లా ఆగి, మళ్లీ కదిలి, ఇలా నడుస్తోంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పును అందరూ ఉద్యోగాల గొడవగా చూశారు. పిల్లల వైపు నుంచి చూస్తే అది ఇంకోలా ఉంటుంది: తరగతిలో తన భాష తెలిసిన పెద్దమనిషి ఒకరుండే అవకాశం ఎంత తగ్గిందన్న లెక్క అది. కోర్టులో వాదించినవాళ్లు ఆ లెక్క ఎంతవరకు చెప్పారో గానీ, ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) మాత్రం చెప్పి తీరాలి.

"టీచర్లకే రెండు రోజుల శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లను చేస్తే సరి" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. దానికి జవాబు బిహార్‌లో దొరికింది. నలందా జిల్లాలో డెబ్బయికి పైగా హైస్కూళ్లలో సెహర్ అనే కార్యక్రమాన్ని రెండు రకాలుగా నడిపి చూశారు. కొన్ని బళ్లలో అదే పనిని టీచరుకు అప్పగించారు. కొన్ని బళ్లలో డిగ్రీ చదివిన మామూలు మనిషిని, మానసిక వైద్యంలో పట్టా లేని మనిషిని, ఆ ఒక్క పని కోసమే పెట్టారు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం స్పష్టంగా ఉంది. ఆ మనిషి ఉన్న బళ్లలో దిగులు లక్షణాలు తగ్గాయి, ఏడిపించడం, కొట్టుకోవడం తగ్గాయి, బడి వాతావరణమే మారింది. టీచరుకు అప్పగించిన బళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. టీచర్లు మంచివాళ్లు కాదని దీని అర్థం కాదు. మార్కులు వేసే చేతికి, బెత్తం పట్టే చేతికి పిల్లలు మనసు అందించరు. పైగా టీచరు నెత్తిన ఇప్పటికే యాప్‌లు, ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ ఉన్నాయి.

అందుకే ఈ ఉపన్యాసానికి అలాంటి పేరు పెట్టాను. పగలు హాస్టల్లో చాలామంది ఉంటారు. రాత్రి భోజనాలయ్యాక, లైట్లు తీసేశాక, ఇంటి మీద బెంగ వచ్చే వేళకు, డార్మిటరీ పక్కన ఎవరుంటారు? అధికారులు ఈ ఒక్క ప్రశ్నతో తనిఖీ చేస్తే చాలా సంగతులు బయటపడతాయి. అక్కడ ఉండాల్సింది ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన, ఇంటరో డిగ్రీనో చదివిన, కోయ మాట్లాడే యువతి. అబ్బాయిల హాస్టల్‌కు యువకుడు. ఆమె పిల్లలకు అక్క వరస అవ్వాలి, వదిన వరస అవ్వాలి. ఏ గట్టు పిల్ల, ఏ ఇంటిపేరు, ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది ఆమెకు తెలిసి ఉండాలి. మనసు బాగోలేని పిల్లను గుర్తించడం, మాట వినడం, తన చేతిలో లేనిది ఎవరికి చెప్పాలో తెలియడం. ఇంతవరకే ఆమె పని. చదువుకుని ఊళ్లో ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ప్రతి పంచాయతీలోనూ ఉన్నారు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఆసుపత్రి ఆవరణలో బల్ల వేసి నాయనమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడించాడు. 2016లో అది శాస్త్రీయంగా పనిచేస్తుందని తేలింది. ఇక్కడ బల్ల కూడా అక్కర్లేదు, అరుగులున్నాయి.

2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో మానసిక ఆరోగ్యం ఒక అంశం, తోటివాళ్లే బోధకులుగా ఉండాలన్నది దాని పద్ధతి. కాగితం మీద బాగుంది. కానీ తోటి పిల్లవాడికి సాటివాడి ప్రాణం మీది రహస్యం అప్పగించడం న్యాయం కాదు. స్నేహితుడు చెప్పగలిగింది ఒక్కటే, "పద, అక్క దగ్గరికి పోదాం" అని. ఆ అక్కను పెట్టకుండా పిల్లల్ని మాత్రం తయారుచేస్తే భారం మళ్లీ వాళ్ల మీదే పడుతుంది.

వడ్డెల గురించి రెండు మాటలు చెప్పకపోతే మీరు ఊరుకోరు. డాక్టర్లలో కొందరు వాళ్ల పేరెత్తితేనే మొహం తిప్పుకుంటారు. సంస్కృతి ప్రేమికులు కొందరు వాళ్లే చాలంటారు. నాకు రెండూ నచ్చవు. కొత్తగా సమర్తాడిన పిల్ల భయాన్ని, చావు జరిగిన ఇంట్లో పిల్లవాడి నిద్రలేమిని వడ్డె చేసే పని తగ్గించగలదు. అందరూ చూస్తుండగా, ఊరంతా ఆ పిల్ల పక్కన నిలబడింది అని చెప్పే పని అది. మూర్ఛ మాత్రం తగ్గదు. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని, ఎవరికీ వినిపించని మాటలు తనకు వినిపిస్తున్నాయని పదిహేడేళ్ల కుర్రవాడు అంటే ఆ జబ్బు తగ్గదు. వాటికి మందు కావాలి, త్వరగా కావాలి. ఆలస్యమైన ప్రతి నెలా ఆ కుర్రవాడి చదువులోంచి, పెళ్లిలోంచి, బతుకులోంచి పోతుంది. గుజరాత్‌లో మెహ్సానా జిల్లా మీరా దాతార్ దర్గాలో ప్రభుత్వమే మానసిక వైద్యుణ్ని కూర్చోబెట్టి, దువా చేసే ముజావర్ల చేతే రోగులను పంపించింది. దువా ఆపమని ఎవరూ అనలేదు. ఇక్కడ కూడా వడ్డెకు రెండే గుర్తులు నేర్పితే చాలు: మూర్ఛ, ఎవరికీ వినిపించనిది వినిపించడం. అలాంటి పిల్లవాణ్ని ఆసుపత్రికి తీసుకొచ్చిన వడ్డెకు కుర్చీ వేసి, ఛార్జీలిచ్చి పంపాలి. ఆసుపత్రి గుమ్మంలో అవమానపడ్డ మనిషి రెండోసారి రాడు, ఇంకెవర్నీ రానివ్వడు.

ఆసుపత్రి ఎక్కడ అన్నది మరో కథ. విశాఖలో 1871 నుంచి మానసిక వైద్యశాల ఉంది. చింతూరు నుంచి అక్కడికి వెళ్లడం అంటే తల్లికి కూలి పోవడం, తోడు రావడానికి ఇంకొకరికి కూలి పోవడం. దగ్గరగా ఉన్న భద్రాచలం 2014 నుంచి వేరే రాష్ట్రం. ఫోన్‌లో మానసిక సహాయం కోసం 2022 అక్టోబరు 10న వచ్చిన టెలీ మానస్ 14416 మంచి పనే, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. ఇరవై భాషల్లో పలుకుతుందంటారు, అందులో కోయ లేదు. 2011 జనాభా లెక్కల్లోనే కోయ మాట్లాడేవాళ్లు నాలుగు లక్షల పైచిలుకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి సమాచారం అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలంటోంది. చట్టం రాసినవాళ్లు సీలేరు దాటి ఆలోచించారో లేదో గానీ, ఆ వాక్యం మనకు పనికొస్తుంది. పట్టుకుని అడగండి.

ఇంతదాకా చెప్పినదాన్ని ఎవరైనా తప్పించుకోవడానికి కూడా వాడుకోవచ్చు. "వాళ్ల సంస్కృతే వాళ్లను కాపాడుతుంది" అని చేతులు దులుపుకోవచ్చు. కాబట్టి ఇది కూడా వినండి. ఈ మండలం 2014లో ఖమ్మం నుంచి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. అదే 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది, శబరి వెనక్కి ఎగదన్నింది. ఇక్కడి పిల్లలు డాబాల మీద, గుట్టల మీద రోజులు గడిపారు. బియ్యం, పప్పు, టార్పాలిన్లు వచ్చాయి. బడి సర్టిఫికెట్లు తడిసి పోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో వాన పడితే నిద్రపోని పిల్లలకు కౌన్సెలింగ్ కంటే ముందు కావలసింది బడి త్వరగా తెరవడం, ఒకే ఊరివాళ్లను ఒకే శిబిరంలో ఉంచడం, నీళ్లు ఎప్పుడు వస్తాయో ముందే నమ్మకంగా చెప్పడం. విపత్తుల్లో మానసిక సహాయానికి ప్రపంచమంతా ఒప్పుకున్న వరస కూడా ఇదే.

ఇక పోలవరం ప్రాజెక్టు. 45.72 మీటర్ల మట్టం నిండితే ఏ ఊరు ఉంటుంది, ఏ ఊరు మునుగుతుంది, ప్యాకేజీ ఎప్పుడు. ఈ మాటల మధ్యే ఒక తరం పెద్దదైంది. 18 నిండినవాళ్లను విడి కుటుంబంగా లెక్కిస్తారు గనుక కటాఫ్ తేదీ ఏదన్నది ఇక్కడి పదహారేళ్ల కుర్రవాడికి పదో తరగతి ఫలితం కంటే పెద్ద విషయం. కొన్ని నెలల తేడాతో ఒకడు మనిషి లెక్క, వాడి తమ్ముడు కాదు. చనిపోయిన పెద్దల కోసం నిలబెట్టిన రాళ్లను, వేల్పులను ఎక్కడికి తీసుకెళ్లాలో పెద్దలకే తెలియనప్పుడు పిల్లలకు ఎవరు చెప్తారు? కొత్త కాలనీలో ఇళ్లు వరసగా కడుతున్నారు. వరసలు మాత్రం చూడటం లేదు. మేనమామ ఇల్లు ఏ వీధికి పడుతుందో లాటరీకి వదిలేశారు. ఒక ఊరిని ఒక్కచోటే దించండి, దేవతకు గద్దె స్థలం ప్లానులోనే గీయండి. ఇది పిల్లల మానసిక ఆరోగ్యం బడ్జెట్టులో రాయాల్సిన పద్దు.

2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం భయానికి ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల పిల్లలు ఇప్పుడు ఇక్కడే యువకులయ్యారు. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు. సర్టిఫికెట్ లేక హాస్టల్ గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్లు, మిరప కోతలకు ముఠాలతో పోయేవాళ్లు వీళ్లలో ఉన్నారు. 2020 లాక్‌డౌన్లో తోటల నుంచి అడవి దారిన నడిచి ఇంటికి చేరలేకపోయిన పన్నెండేళ్ల పిల్లదీ ఆ ఛత్తీస్‌గఢే. కాల్పులు చూసిన పిల్లలకు భయం నిజమైన సంగతి. ముందు ఒక కాగితం ఇచ్చి, బడిలో చోటిచ్చి, తర్వాత మనసు గురించి అడుగుదాం.

గంజాయి మాట ఎత్తకుండా ఈ రోడ్డు మీద సభ పెట్టలేం. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు. బస్తా మోస్తే చేతికొచ్చే డబ్బు ఆశ చూపి కుర్రవాళ్లను పంపేవాడు ఎప్పుడూ దొరకడు. దొరికేది పంతొమ్మిదేళ్లవాడే. జైలు నుంచి వచ్చినవాణ్ని ఊరు ఎలా చూస్తుందో, పటేల్ వాడికి పండుంలో పని అప్పగిస్తాడో లేదో అన్నదాని మీద వాడి మిగతా బతుకు ఆధారపడుతుంది. ఇది పెద్దల చేతిలోని పని. కల్లు సంగతీ అంతే. జీలుగు కల్లు పెద్దల మధ్య, పండుగలో, హద్దులో ఉండేది. ప్యాకెట్ సారాకు, క్వార్టర్ సీసాకు ఏ హద్దూ లేదు. సంప్రదాయం పేరు చెప్పి దాన్ని సమర్థించడం నాకు కోపం తెప్పిస్తుంది. పదో తరగతి తప్పిన పిల్లకు వెంటనే పెళ్లి చేయడాన్ని కూడా.

ఇంకొకటి, వినడానికి కష్టంగా ఉన్నా. మిర్చికి, పత్తికి కొన్న పురుగుమందు ఇంట్లో పిల్లలకు అందేలా ఉంచొద్దు. తాళం వేసిన పెట్టె, ఊరికి ఒక గది, ఏదైనా సరే. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను నిషేధించాక 1995 నుంచి 2015 మధ్య ఆత్మహత్యలు 70 శాతం తగ్గాయి. ఆవేశం చాలాసార్లు కొద్దిసేపటిదే. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది, తర్వాత మాట్లాడటానికి మనిషి మిగులుతాడు. అలాంటి మాట ఎవరైనా పిల్లల నోట విన్నప్పుడు తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆ రాత్రే పెద్దవాళ్లకు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి, 14416కు ఫోన్ చేయండి. ఇక్కడున్న ఇంటర్ పిల్లలకు కూడా చెప్తున్నాను. ఈ ఒక్క విషయంలో స్నేహితుడి రహస్యం దాచకూడదు.

ఐటీడీఏ వారికి నా విన్నపాలు రాతలో ఇచ్చాను, ఇక్కడ రెండే చెప్తాను. హాస్టల్‌కు రాత్రి ఉండే కోయ అక్కను ఈ జూన్‌లో కొన్ని చోట్లయినా పెట్టండి. ఆరు నెలల తర్వాత ఎన్ని సదస్సులు జరిగాయో లెక్కపెట్టొద్దు, సెలవులకు ఇంటికెళ్లిన పిల్లల్లో ఎంతమంది తిరిగొచ్చారో చూడండి. రెండోది క్యాలెండరు. భూమి పండుగ ఊరూరికీ ఒకే రోజు రాదు గనుక పాడేరులోనో విజయవాడలోనో కూర్చుని ఆ తేదీలు వేయడం కుదరదు. ఏ ఊరికి ఎప్పుడో చెప్పగలిగినవాళ్లు ముందు వరసలోనే ఉన్నారు, ప్రాజెక్టు ఆఫీసరు గారు కూడా నోటు పుస్తకంతో వచ్చారు. మైకు పటేళ్లకు ఇస్తున్నాను.